మిరప కల్లాల మీది ఆకాశం

ఐదో తరగతి పిల్లల చేత పదిహేడో ఎక్కం చెప్పిస్తుండగా నా గొంతు పోయింది. "పదిహేడు ఆర్లు" అన్నాను. ఆ తర్వాత నోరు కదిలింది గానీ శబ్దం రాలేదు. టీచరు మర్చిపోయిందనుకున్నారో ఏమో, పిల్లలంతా కలిసి "నూట రెండూ" అని అరిచారు.

అంతకు ముందు ఏడాది నుంచే గొంతు బొంగురు పోతూ ఉంది. మిరియాల పాలు తాగాను, కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకున్నాను, ఆదివారం చర్చిలో పాటలు పాడకుండా ఊరికే పెదాలు కదిపాను. ఇక లాభం లేదని మా ఆయన గుంటూరు తీసుకెళ్లారు. డాక్టరుగారు సన్నటి గొట్టం లోపలికి పెట్టి చూసి, "పలుగు పట్టి పట్టి అరచేతులు కాయలు కాస్తాయి చూశారా, మీ గొంతూ అలాగే కాసిందండీ. ఎన్నేళ్లుగా అరుస్తున్నారు?" అన్నారు.

"బళ్లో ఇరవై రెండేళ్లండీ," అని నా తరపున మా ఆయన జవాబు చెప్పి, ఒక్క క్షణం ఆగి, "ఇంట్లో సంగతి నేను కలపలేదు," అన్నారు. డాక్టరుగారు గట్టిగా నవ్వారు. నాకూ నవ్వొచ్చింది గానీ నవ్వితే నొప్పెట్టింది.

చిన్న ఆపరేషనే. అయితే ఆ తర్వాత మూడు వారాలు పెదవి విప్పకూడదన్నారు. గుసగుసలు అసలే వద్దు, అవి అరుపు కంటే చెడ్డవట. తర్వాత రోజుకి కొన్ని మాటలు, అవి కూడా మెల్లగా. బడికి మాత్రం వేసవి సెలవులు అయ్యేదాకా వెళ్లడానికి లేదు.

మాది పర్చూరుకీ చిలకలూరిపేటకీ మధ్య నల్లరేగడి ఊరు. ఒకప్పుడు ప్రకాశం జిల్లా, ఇప్పుడు బాపట్ల అంటున్నారు. ఫిబ్రవరి వచ్చేసరికి పత్తికట్టె పీకేసి ఉంటారు, మిరప కోతలు ముమ్మరంగా సాగుతుంటాయి. ఊరి చుట్టూ కల్లాల్లో కాయ ఆరబోస్తారు. గాలి ఇటు తిరిగిందంటే ఘాటు ఇళ్లలోకి వస్తుంది. నేను దగ్గకూడదు కాబట్టి ముక్కుకి తడి గుడ్డ కట్టుకుని తిరిగేదాన్ని. మెడలో పలక వేలాడుతూ ఉండేది. ఇంటికొచ్చినవాళ్లు నేను పలక మీద రాసేలోపు తామే ప్రశ్న అడిగి, తామే జవాబు చెప్పుకుని, "సర్లే, విశ్రాంతి తీసుకో" అని వెళ్లిపోయేవాళ్లు.

మా ఆయన కోల్డ్ స్టోరేజీలో మిషను ఆపరేటరు. పొద్దున్నే ఆరింటికి వెళ్తే సాయంత్రం నాలుగున్నరకి ఇల్లు చేరతారు. ఆ మధ్యలో ఆయన ఉండేదంతా కిటికీల్లేని గదుల్లోనే. లోపల మిరప బస్తాలు, చలి, మిషను హోరు. బయట ఎండ కాసిందో, చినుకు పడిందో ఎవరైనా చెబితే తప్ప తెలియదు.

నేను బడి మానేసిన రెండో వారంలో అనుకుంటా, ఆయన వెళ్లిన కాసేపటికి కందిపప్పు ఎండబోద్దామని డాబా ఎక్కాను. చేట దించి తలెత్తితే తూర్పు అంతా మబ్బు. మామూలు మబ్బు కాదు. ఎవరో గొర్రు తోలినట్టు సాళ్లు సాళ్లుగా, ఈ చివర నుంచి ఆ చివర దాకా వరస తప్పకుండా ఉంది. ఒక్కో సాలు అంచున గులాబీ రంగు. కింద పొద్దు ఇంకా పూర్తిగా పైకి రాలేదు. "ఏమండీ, ఇటు రండి!" అని పిలవబోయి నోరు తెరిచాను. ఆయన లేరు. ఉన్నా నేను పిలవకూడదు. మూసుకున్నాను.

అదంతా లోపలే ఉండిపోయి ఊపిరాడనట్టయింది. కొంగులో చుట్టుకున్న ఫోను తీసి ఫోటో కొట్టాను. అంతకు ముందు ఆ ఫోనులో నేను తీసినవన్నీ పిల్లల హాజరు పట్టీలు, మధ్యాహ్న భోజనం పళ్లేలు, ఆఫీసు వాళ్లకి పంపాల్సినవే.

సాయంత్రం ఆయన కాళ్లు కడుక్కుని కూర్చోగానే చూపించాను. ఆయన చాలాసేపు చూశారు. "ఇది మనూరేనా?" అన్నారు. ఫోటో మూలన కనబడుతున్న మంచినీళ్ల ట్యాంకు అంచుని వేలితో చూపించాను.

"నేను వెళ్లేటప్పుడు లేదే ఇది!" అన్నారు, ఎవరో తనని మోసం చేసినట్టు. టీ తాగి మళ్లీ ఒకసారి ఫోను అడిగి తీసుకున్నారు. "రేపు కూడా తియ్యి."

అలా మొదలైంది. పొద్దున ఒకటి, ఎండ నడినెత్తికి వచ్చినప్పుడు ఒకటి, ఆయన వచ్చే ముందు ఒకటి. మొదట్లో మబ్బు లేని రోజున తీయడానికేముందిలే అనుకునేదాన్ని. పది రోజులు వరసగా తీసి పక్కపక్కన పెట్టి చూస్తే, ఖాళీ ఆకాశం ఏ రెండు రోజులూ ఒక్కలా లేదు. కల్లాల మీద పని జోరుగా సాగిన రోజు అడుగున సన్నగా ఎర్ర జీర ఉండేది. అది కారం దుమ్మే. పైరగాలి వీచిన మర్నాడు కడిగిన పళ్లెంలా ఉండేది.

మా చెల్లెలు అరకు దగ్గర ఆస్పత్రిలో నర్సు. నేను పంపిన ఫోటోలు చూసి, "మాకు మబ్బులు కిటికీలోంచి ఇంట్లోకే వచ్చేస్తాయక్కా, ఇక్కడికొచ్చి తియ్యి, మీ ఊళ్లో ఏముంది?" అని మెసేజి పెట్టింది. ఒకసారి వెళ్లాను నేను అక్కడికి. బాగుంటుంది, కాదనను. కానీ ఎటు చూసినా ఒక కొండ అడ్డం. మా ఊళ్లో అడ్డం ఏదీ లేదు. నాలుగు పక్కలా నేల పరుచుకుని ఉంటుంది, మిగతాదంతా ఆకాశమే. పక్క మండలంలో వాన పడుతుంటే ఆ వాన కాళ్లు మా డాబా మీద నుంచి కనిపిస్తాయి. ఇదంతా మెసేజిలో పట్టదు కాబట్టి చెల్లెలికి "సరే" అని మాత్రం పెట్టాను.

మా పక్కింట్లో పరుపులు కుట్టే పెద్దాయన ఉంటారు. వాళ్లది దూది ఏకే కుటుంబం. వాళ్ల నాన్నగారి కాలంలో భుజాన విల్లు వేసుకుని ఊరూరా తిరిగి ఏకేవారట. ఇప్పుడు ఇంటి ముందు షెడ్డులో కరెంటు మిషను ఉంది. నేను ఆయన్ని బాబాయి గారనే పిలుస్తాను. ఆయన నన్ను "టీచరమ్మా" అంటారు. ఒకరోజు నేను డాబా మీద ఫోను పైకెత్తి నిలబడితే కింద నుంచి కేకేశారు.

"ఏం టీచరమ్మా, సిగ్నలు రావట్లేదా?"

నేను చెయ్యి ఊపి, దిగి వెళ్లి ఫోను చేతికిచ్చాను. అప్పటికి ఆయన రెండు కళ్లలో పొరలు ముదిరి ఉన్నాయి. పైన ఆకాశం ఆయనకి పాలు ఒలికినట్టు తెల్లగా కనిపించేదట. ఫోనుని ముక్కుకి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని చూసి, "ఓహో" అన్నారు. "ఇది విల్లుతో ఏకిన దూదమ్మా. చూడు, ఎక్కడా ఉండ లేదు. మిషను మీద ఇట్టా రాదు."

ఆ తర్వాత రోజూ చూపించాల్సిందే. ఒకరోజు మబ్బుని చూసి పెదవి విరిచారు. "పాత పరుపు విప్పిన దూది ఇది. ఉండలు కట్టిపోయింది." ఇంకో రోజు, "ఇది బూరుగు దూది, తలగడకి తప్ప పనికి రాదు." చిన్న చిన్న తునకలుగా ఉన్న మబ్బుకి ఆయనకి కోపమే వచ్చింది. "ఎవడో గింజ తియ్యకుండా మిషనులో పోశాడు." నేను నవ్వు ఆపుకోలేక నోటికి గుడ్డ అడ్డం పెట్టుకునేదాన్ని. నేను పలక మీద రాస్తే ఆయన చదవలేరు. అయినా మా ఇద్దరికీ పొద్దు బాగానే గడిచేది.

మార్చి నడిమిలో అసలు సంగతి జరిగింది. అప్పటికి నాకు రోజుకి కాసిని మాటలు మాట్లాడడానికి అనుమతి వచ్చింది. గట్టిగా మాత్రం కాదు. ఒక మధ్యాహ్నం డాబా ఎక్కితే సూర్యుడి చుట్టూ పెద్ద వలయం కనిపించింది. నేరుగా చూడలేం కదా, సూర్యుడికి అరచెయ్యి అడ్డం పెట్టి, వేళ్ల చుట్టూ వలయం పడేలా ఫోటో తీశాను. బాబాయి గారికి చూపిస్తే చేస్తున్న పని ఆపేశారు.

"గుడి కట్టిందమ్మా ఇది. దగ్గరగా కట్టిందా, దూరంగానా?"

"దూరంగానే," అన్నాను.

"దూరంగా గుడి కడితే దగ్గర్లో వాన అనేవాడు మా నాన్న. కల్లాల్లో కాయ ఉందిగా. పోయి చెప్పు."

ఫోనులో వాతావరణం చూస్తే ఎండ బొమ్మే ఉంది. ఎవరికి చెప్పాలి, ఏమని చెప్పాలి అని తటపటాయిస్తూనే చెప్పులేసుకున్నాను. మా ఆయన అన్నగారు, అంటే మా బావగారు, రెండెకరాలు కౌలుకి తీసుకుని మిరప వేశారు. ఆయన కల్లం ఊరి పడమటి పక్క, మరో పది మంది కల్లాలతో కలిసి ఉంటుంది. నేను వెళ్లేసరికి ఆడవాళ్లు వరసగా కూర్చుని రంగు పోయిన తాలు కాయ ఏరేస్తున్నారు.

"ఏం అమ్మాయ్, ఇంత ఎండన పడి వచ్చావు?" అన్నారు బావగారు.

నేను ఫోను చూపించి, "వాన వచ్చేట్టుంది, కప్పుకుంటే మంచిది బావగారూ," అన్నాను. నా మాట నాకే సరిగ్గా వినపడలేదు.

ఆయన ఫోటో చూశారు, తలెత్తి మండుతున్న ఆకాశం చూశారు, పక్క కల్లాల వైపు తిరిగి కేక వేశారు. "ఒరేయ్! మా మరదలు ఫోనులో వాన పట్టుకొచ్చిందిరోయ్!"

అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంతలో తాలు ఏరుతున్న ఒక ముసలామె లేచి, చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూసింది. "నిజమేనయ్యా. గుడి కట్టింది. నవ్వుతారేంటి?" అంది. అప్పుడు ఒక్కొక్కరే తలెత్తారు. వంచిన నడుములెత్తి కల్లంలోని మనుషులంతా నుదుటి మీద చేతులు పెట్టుకుని పైకి చూడడం నేను అదే మొదటిసారి చూశాను. ఫోటో తీయాలనిపించింది గానీ చెయ్యి రాలేదు.

సాయంత్రానికి అందరూ కాయ కుప్ప చేసి టార్పాలిన్ పట్టాలు కప్పారు. నన్ను చిన్నబుచ్చడం ఇష్టం లేక బావగారు కూడా కప్పారు. వాన రాలేదు. ఆ రాత్రి నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు, రాని వాన కోసం నేనెన్నడూ అంత ఎదురుచూడలేదు.

మర్నాడు పొద్దున ఎండ నిప్పులు కక్కింది. పది గంటలకి బావగారు పట్టాలు తీసి మళ్లీ ఆరబోశారు. అందులో తప్పేం లేదు, కప్పిన కాయ ఉక్కపోతకి బూజు పడుతుంది. కొంతమంది మాత్రం బద్ధకించో, ముసలామె మాట మీద గురితోనో అలాగే ఉంచేశారు. నేను డాబా మీదకి వెళ్లనే లేదు ఆ పూట. ముఖం చెల్లలేదు.

మూడున్నర ప్రాంతంలో పడమర నల్లబడింది. గాలి ముందొచ్చింది. నేను గడప దాటుతుండగానే మా ఆయన ఇంటి ముందు బండి ఆపారు. ఆ రోజు తొందరగా వదిలారట. బండి దిగకుండానే "ఎక్కు" అన్నారు. మేం వెళ్లేసరికి పెద్ద పెద్ద చినుకులు. బావగారు, మా తోడికోడలు, నలుగురు కూలీలు పారలతో, చేతులతో, కాళ్లతో కాయ తోస్తున్నారు. మేమూ పట్టా రెండు కొసలు పట్టుకుని లాగాం. గాలికి అది తెరచాపలా లేచిపోతుంటే మా ఆయన దాని మీద పడుకున్నారు. ఒక కుప్ప కప్పగలిగాం. రెండోది తడిసిపోయింది. అరగంటలో వాన వెలిసింది. తడిసిన కాయ నుంచి పొగలా ఘాటు లేచింది, అందరం తుమ్ముతూ, కళ్లు తుడుచుకుంటూ నిలబడ్డాం.

బావగారు గట్టు మీద కూర్చున్నారు. నేను దగ్గరికి వెళ్లాను. ఆయనే అన్నారు. "నిన్న నవ్వినందుకు ఇవాళ తడిపింది అమ్మాయ్." తడిసిన కాయ ఒకటి తీసి చేతిలో నలిపి చూసుకుని, "సగం పైనే దక్కిందిలే. నువ్వు రాకపోతే అదీ లేదు," అన్నారు.

అప్పటి నుంచి ఊళ్లో నాకు కొత్త ఉద్యోగం వచ్చింది. "టీచరుగారూ, ఇవాళ ఎట్టా ఉంది పైన?" అని దారిన పోయేవాళ్లంతా అడగడం మొదలుపెట్టారు. నాకేం తెలుసు? చూసింది చూసినట్టు చెప్పేదాన్ని. ఏప్రిల్లో రెండుసార్లు నా మాట విని అందరూ ఊరికే కప్పి, మళ్లీ తీశారు. ఎవరూ ఏమీ అనలేదు. బావగారు మాత్రం, "కప్పితే నడుం నొప్పి, కప్పకపోతే గుండె నొప్పి. నడుమే నయం," అన్నారు.

మే నెలలో బాబాయి గారికి కంటి ఆపరేషను అయింది. ఒక కన్ను ముందు, రెండోది తర్వాత. నల్ల కళ్లద్దాలు తీసేసిన రోజు పొద్దున ఆయనే మా డాబా మెట్లెక్కి వచ్చారు. పిట్టగోడ పట్టుకుని పైకి చూస్తూ చాలాసేపు నిలబడ్డారు. నేను పక్కన నిలబడి ఆయన ఏమంటారా అని చూస్తున్నాను. చివరికి నా ఫోను అడిగి, అందులో ఆ రోజు ఫోటో చూసి, పైకి చూసి, మళ్లీ ఫోను చూశారు.

"టీచరమ్మా, ఏమీ అనుకోకు. నీ ఫోనులో నీలం తక్కువమ్మా."

"అవును బాబాయి గారూ," అన్నాను. "ఎప్పుడూ తక్కువే."

"మరి చెప్పవేం? ఇన్నాళ్లూ ఇదే ఆకాశం అనుకున్నా."

జూన్‌లో బడికి వెళ్లాను. గొంతు తిరిగొచ్చింది గానీ మునుపటిది కాదు, ఒక మెట్టు కిందికి దిగింది. నడుముకి కట్టుకునే చిన్న స్పీకరు, చెవి దగ్గర మైకు కొన్నారు మా ఆయన. మెల్లగా మాట్లాడితే క్లాసంతా వినపడుతుంది. పిల్లలు కూడా తగ్గి మాట్లాడుతున్నారు. ఇన్నేళ్లూ ఎందుకు అరిచానా అనిపించింది.

ఆ ఏడాది చివర్లో మా చర్చి క్యాలెండరు సంగతి వచ్చింది. ఏటా సంఘం తరపున క్యాలెండరు వేయించి ఇంటింటికీ ఇస్తారు. పైన వాక్యం, కింద తేదీలు, మధ్యలో బొమ్మ. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ బొమ్మలు ఒకటే రకం. మంచు కొండలు, జలపాతాలు, పచ్చటి గుట్ట మీద తెల్ల గొర్రెలు. మాలో ఎవరూ మంచు చూసినవాళ్లు కాదు. నడి వేసవిలో ఉక్కకి విసనకర్ర ఊపుకుంటూ ఆ మంచు కొండల కింద తేదీ చూసుకునేవాళ్లం.

క్యాలెండరు గురించి కమిటీ కూర్చున్నప్పుడు, ఈసారి మన ఊరి ఆకాశం వేద్దామని మా ఆయన లేచి చెప్పారు. నాతో ఒక్క మాట అనలేదు ముందు. పాస్టరుగారు మంచివారే, తొందరపడి కాదనరు. నా ఫోటోలు ఒక్కొక్కటీ తిప్పి చూశారు.

"బాగున్నాయమ్మా. కానీ ఆకాశం ఎక్కడైనా ఆకాశమే కదా. ఒక కొండో, నీళ్లో ఉంటే కంటికి ఇంపుగా ఉంటుంది."

"మన దగ్గర కొండ లేదండీ," అన్నాను. "ఉన్నదే తీశాను."

ఆయన ఇంకో ఫోటో దగ్గర ఆగారు. సన్నటి తెల్ల మబ్బు, కింద మూలన చర్చి గంట గోపురం కొస. "ఇది మట్టల ఆదివారం కదూ? ఆ రోజు గంట తాడు తెగింది." అవునన్నాను. ఆయన ఆ ఫోటో పక్కన కూర్చున్నాయనకి చూపించారు. ఆయన ఇంకొకరికి. కాసేపట్లో నా ఫోను కమిటీ చుట్టూ తిరిగింది. ఇది మా దూడ పుట్టిన రోజు అని ఒకరు, ఇది పెద్ద గాలి వచ్చి మా రేకులు లేచిన రోజు అని ఇంకొకరు, తేదీలు చూసి వెతుక్కోవడం మొదలుపెట్టారు. ఇక ఓటు వేయాల్సిన పని లేకపోయింది.

బావగారు కమిటీలో లేరు. అయినా సంగతి తెలిసి ఇంటికొచ్చారు. "మార్చి నెలకి ఆ గుడి కట్టిన ఫోటో వెయ్యి," అన్నారు. అది వద్దనే అనుకున్నాను నేను. ఆయన తడిసిన కాయ గుర్తొస్తుందని చెప్పాను. "గుర్తుండాలనే అడుగుతున్నా," అన్నారు. వేశాను, నా అరచేతితో సహా.

గుంటూరులో ప్రెస్సుకి నేనూ, మా ఆయనా వెళ్లాం. కంప్యూటరు ముందు కూర్చున్న డిజైనరు ఫోటోలు ఎక్కించుకుని చూసి, "మేడమ్, వీటిల్లో ఏమీ లేదు కదండీ," అన్నాడు.

"ఆకాశం ఉందండీ."

"అది సరే మేడమ్. కింద ఒక కొండ పెట్టనా? నా దగ్గర మంచివి ఉన్నాయి. లేకపోతే కిరణాలు? పైనుంచి ఇలా వస్తాయి." రెండు నొక్కులు నొక్కి మా జూలై ముసురు మీద బంగారు కిరణాలు కురిపించాడు.

"వద్దండీ," అన్నాను. గొంతు బాగున్న రోజుల్లో నేను అవతలివాళ్లు గట్టిగా అంటే సర్దుకుపోయేదాన్ని. ఇప్పుడు ఎక్కువ మాట్లాడలేను కాబట్టి అదే మాట అతను అడిగినన్నిసార్లూ చెప్పాను. అతను కిరణాలు తీసేశాడు, కొండ తీసేశాడు, ఒక ఇంద్రధనస్సు పెట్టబోయి నా ముఖం చూసి మానేశాడు.

డిసెంబరులో కట్టలు వచ్చాయి. మా ఇంట్లోనే విప్పాం. జనవరి నుంచి వరసగా తిప్పుతూ ఉంటే అక్టోబరు దగ్గర నా చెయ్యి ఆగింది. సాయంత్రం ఆకాశంలో బారుగా ఎగురుతున్న పది పక్షులు. నేను తీసినప్పుడు పక్షులు లేవు. అతను ఎప్పుడు పెట్టాడో, తీసెయ్యడం ఎలా మర్చిపోయాడో తెలియదు. మా ఆయన పడీ పడీ నవ్వారు. నేను ఒక పూటంతా ముఖం మాడ్చుకుని కూర్చున్నాను. ఆదివారం పంచిపెడితే ఊరంతటికీ నచ్చింది ఆ పక్షులున్న అక్టోబరే. "ఎంత ఓపిక పట్టి తీశారండీ, పక్షులు సరిగ్గా వచ్చేదాకా!" అన్నారు పాస్టరుగారి భార్య. నిజం చెప్పేశాను. ఆమె నమ్మలేదు. నాకు వినయం ఎక్కువనుకుంది.

బాబాయి గారు తన షెడ్డుకి ఒకటి అడిగి పట్టుకెళ్లి మిషను ఎదురుగా తగిలించుకున్నారు. పరుపు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లకి నెల తిప్పి చూపించి, ఏ మబ్బు ఏ రకం దూదో వివరించి చెబుతారట. ఒకావిడ ఏప్రిల్ మబ్బు లాంటి పరుపు కావాలని అడిగిందని ఎంతో సంబరంగా చెప్పారు. "కుదరదమ్మా అన్నా. ఆ రకం ఇప్పుడు దొరకదు."

ఈ మధ్య ఈస్టరు వెళ్లాక ఒక శనివారం మా స్త్రీల సమాజం వాళ్లం చిన్న బస్సు మాట్లాడుకుని వాడరేవు వెళ్లాం. దారి కాస్త చుట్టైనా వేటపాలెం మీదుగా వెళ్లి జీడిపప్పు కొనుక్కున్నాం. సముద్రం చూడగానే అందరూ ఫోనులు తీశారు. అలలు, పడవలు, ఇసకలో ఎండబెట్టిన చేపలు, ఒకళ్లనొకళ్లు. నేను కూడా నాలుగు తీశాను. ఎందుకో తృప్తిగా అనిపించలేదు. ఇటు తిరిగి, సముద్రానికి వీపు పెట్టి, వాయవ్యం వైపు ఫోను ఎత్తాను. దూరంగా, రొయ్యల చెరువుల అవతల, కుండలు బోర్లించినట్టు తెల్లటి మబ్బు పైకి పైకి పెరుగుతోంది. అడుగు మాత్రం నల్లగా ఉంది.

"ఇదేం విడ్డూరం తల్లీ? సముద్రం ఇటుంటే అటు తీస్తావేంటి?" అంది మా పక్క వీధి ఆవిడ.

"అటు మనూరు," అన్నాను.

ఆమె చూసింది. ఆమె చూడడం చూసి ఇంకో ఇద్దరు తిరిగారు. కాసేపట్లో మొత్తం స్త్రీల సమాజం చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, సముద్రాన్ని వెనక్కి వదిలేసి ఆ మబ్బునే చూస్తోంది.

"మనూరి మీదేనంటావా?" అని ఎవరో అడిగారు.

"మనూరి మీదో, పక్కూరి మీదో. అడుగు నల్లబడింది."

"అమ్మో, డాబా మీద ఒడియాలు ఎండబెట్టి వచ్చాను!" అని ఆమె బ్యాగులో ఫోను కోసం దేవులాడింది. "నా బట్టలు!" అని ఇంకొకామె. అందరూ ఒకేసారి ఇళ్లకి ఫోను చేసి, సముద్రం హోరుకి మించి అరవడం మొదలుపెట్టారు. పైకెక్కి తియ్యండి, నిన్నే, ఎక్కడున్నావు, టీవీ ముందునుంచి లే. నాకు అరిచే పని లేదు, ఆ రోజు మా ఇంట్లో ఏమీ ఎండబెట్టలేదు. ఒడ్డున బండి మీద అప్పుడే వేయించిన చేప ముక్క ఒకటి కొనుక్కుని ఇసకలో కూర్చుని, వేడి చల్లారకముందే తిన్నాను.